రౌటర్‌లో ఐపీ అడ్రస్ రిజర్వేషన్: ప్రింటరుకూ డీవీఆర్‌కూ మారని చిరునామా ఇచ్చే పద్ధతి

తిరుపతిలో గోవిందరాజస్వామి ఆలయానికి దగ్గర్లో పద్దెనిమిది గదులున్న ఒక లాడ్జికి నెట్‌వర్కు పని చూసిపెడుతుంటాను. రిసెప్షన్ బల్ల మీద ఒక కంప్యూటరు, దాని పక్కన వైఫై ప్రింటరు, మెట్ల కింద గోడకు బిగించిన, కెమెరాల బొమ్మలను దాచే డీవీఆర్, మొదటి అంతస్తులో రౌటరు, ఇంతే అక్కడి సరంజామా. మూడు వందల రూపాయల దర్శనం టికెట్టును ఫోనులో చూపించి ప్రింటు తీసిమ్మని యాత్రికులు తెల్లవారకముందే వచ్చి నిలబడే చోటు కాబట్టి, ఆ ప్రింటరు ఆగిందంటే రిసెప్షన్‌లో కూర్చున్న అబ్బాయికి చేతులు కట్టేసినట్టే. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, పావుగంటకు తిరిగి వచ్చాక అతను ఫోను చేసి, "ప్రింటరు ఆఫ్‌లైన్ అంటా ఉంది సార్, లైట్లన్నీ బాగానే వెలగతా ఉండాయి" అన్నాడు.

వెళ్లి చూస్తే ప్రింటరుకు ఏ జబ్బూ లేదు. దాని చిన్న తెర మీద ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్కులో ఆ పరికరాన్ని గుర్తించే చిరునామా, 192.168.1.108 అని ఉంది. కంప్యూటరు మాత్రం కాగితాలను ఇంకా 192.168.1.103కే పంపుతోంది. ఆ 103 ఎవరి దగ్గర ఉందా అని రౌటరు జాబితా తెరిస్తే, ఏదో గదిలో దిగిన యాత్రికుడి ఫోను పేరు కనిపించింది. కరెంటు పోయినప్పుడు రౌటరు తాను ఎవరికి ఏ అంకె ఇచ్చిందో మరచిపోయింది. తిరిగి లేచిన వెంటనే గదుల్లోని ఫోన్లు ఎగబడి అడిగితే వరుసగా పంచిపెట్టింది. నిదానంగా వేడెక్కి లేచిన ప్రింటరు చివర వచ్చి, మిగిలినదాన్ని తీసుకుంది. కంప్యూటరుకు ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు.

ఇలాంటి చోట చేయవలసిన పని ఒకటే. ప్రింటరుకు, డీవీఆర్‌కు, ఇంకా నలుగురూ వెతుక్కుంటూ వచ్చే ఏ పరికరానికైనా ఎప్పుడూ ఒకే చిరునామా దొరికేటట్టు రౌటరులోనే రాసిపెట్టాలి. దీన్ని డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అంటారు; పరికరాలకు చిరునామాలు పంచే పద్ధతి పేరే డీహెచ్‌సీపీ. కొన్ని రౌటర్లలో అడ్రస్ రిజర్వేషన్ అనీ, స్టాటిక్ లీజ్ అనీ, ఐపీ మ్యాక్ బైండింగ్ అనీ పేర్లు ఉంటాయి. చివరి పేరు విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. కొన్ని కంపెనీల రౌటర్లలో అది, ఏ చిరునామా ఏ పరికరానిదో కనిపెట్టే ఏఆర్‌పీకి సంబంధించిన వేరే భద్రతా సదుపాయం. చిరునామా కేటాయించే పని అది చేయదు.

పరికరంలో రాయాలా, రౌటరులో రాయాలా

చిరునామా మారకుండా చేయడానికి రెండు దారులు ఉన్నాయి. ప్రింటరు మెనూలోకి వెళ్లి ఆటోమేటిక్ అన్నదాన్ని మాన్యువల్‌గా మార్చి, అంకెలను చేత్తో కొట్టడం ఒకటి. ప్రింటరును ఆటోమేటిక్‌లోనే ఉంచి, అది అడిగినప్పుడు ఫలానా అంకెనే ఇవ్వమని రౌటరుకు చెప్పిపెట్టడం రెండోది. మా ఊళ్లో కెమెరాలు బిగించేవాళ్లలో చాలామంది మొదటి దారి పడతారు, ఎందుకంటే వాళ్లకు రౌటరు పాస్‌వర్డు ఎవరూ చెప్పరు. నేను మాత్రం వీలున్నంతవరకు రెండోదాన్నే ఎంచుకుంటాను.

కారణం ఇదే లాడ్జిలో కళ్లారా చూశాను. నాకంటే ముందు అక్కడ పనిచేసినతను డీవీఆర్‌లో 192.168.1.150 అని చేత్తో రాసిపోయాడు. రౌటరేమో 100 నుంచి 199 వరకు ఉన్న అంకెలను అడిగినవాళ్లకు పంచుతుంది. డీవీఆర్ ఆ అంకెను ఎవరినీ అడగకుండా తీసుకుంది కాబట్టి, 150 ఖాళీగానే ఉందని రౌటరు నమ్మి, రద్దీ పెరిగిన ఒక రోజున దాన్ని ఒక ఫోనుకు ఇచ్చింది. ఒకే చిరునామాకు ఇద్దరు జవాబు చెప్పడం మొదలయ్యాక కెమెరా బొమ్మలు కాసేపు వస్తూ, కాసేపు ఆగుతూ యజమానిని మూడు రోజులు తిప్పలు పెట్టాయి. అంకెను ఇచ్చేముందు అది నిజంగా ఖాళీగా ఉందో లేదో పిలిచి చూసే రౌటర్లు ఉన్నాయి కానీ, అన్నీ ఆ పని చేయవు. చేసినా, ఆ క్షణంలో పరికరం ఆపి ఉంటే జవాబు రాదు.

రౌటరులో రాయడంలో ఇంకొక సౌకర్యం ఉంది. చేత్తో రాసిన పరికరంలో చిరునామాతోపాటు సబ్‌నెట్ మాస్క్ (మన నెట్‌వర్కు హద్దు), గేట్‌వే (బయటికి దారి చూపే రౌటరు చిరునామా), డీఎన్ఎస్ (వెబ్‌సైటు పేర్లను అంకెలుగా మార్చే సర్వరు) కూడా మనమే రాయాలి. తర్వాత ఎప్పుడైనా రౌటరు చిరునామా మారితే ప్రతి పరికరం దగ్గరికీ వెళ్లి, నిచ్చెన ఎక్కి దిగి, అన్నీ మార్చాలి. రిజర్వేషన్ అయితే ఆ వివరాలన్నీ రౌటరే ఎప్పటికప్పుడు అందిస్తుంది. అలాగని చేత్తో రాయడం పూర్తిగా తప్పని అనను. రౌటరు తన చిరునామాను తానే పెట్టుకోవాలి, దానికి ఇచ్చేవాళ్లు ఉండరు. పై అంతస్తులో వైఫై కోసం పెట్టిన రెండో యాక్సెస్ పాయింటుకు కూడా నేను చేత్తోనే రాస్తాను, మొదటి రౌటరు మొరాయించిన రోజున దాని పేజీ తెరవగలగాలి కాబట్టి. అలా రాసిన అంకె మాత్రం రౌటరు పంచే వరుసలో ఉండకూడదు.

లోపల జరిగేది

డీహెచ్‌సీపీ పద్ధతి 1993లో మొదటిసారి ప్రమాణంగా వచ్చింది. 1997 మార్చిలో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 2131 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రమే నేటికీ దానికి ఆధారం. చిరునామాలను మూడు రకాలుగా ఇవ్వవచ్చునని ఆ పత్రం చెబుతుంది: ఒకసారి ఇచ్చి శాశ్వతంగా వదిలేయడం, గడువు పెట్టి ఇచ్చి తిరిగి తీసుకోవడం, నిర్వాహకుడు ముందే నిర్ణయించినదాన్ని ఆ పరికరానికి అందజేయడం. మనం మాట్లాడుకుంటున్నది మూడోది. అంటే ఇది రౌటరు కంపెనీలు తర్వాత అతికించిన అదనపు హంగు కాదు. పద్ధతి పుట్టినప్పటి నుంచీ అందులోనే ఉంది.

లాడ్జి భాషలోనే చెప్పుకుంటే, వచ్చిన యాత్రికుడికి ఆ రోజు ఖాళీగా ఉన్న గది తాళం ఇస్తారు, గడువు తీరగానే తీసుకుంటారు. మేనేజరు గది మాత్రం ఎంత రద్దీ ఉన్నా ఎవరికీ ఇవ్వరు. పరికరం నెట్‌వర్కులోకి రాగానే "ఇక్కడ చిరునామాలు ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా" అని అందరికీ వినపడేటట్టు కేకవేస్తుంది. దీని పేరు డిస్కవర్. రౌటరు ఒక అంకెను చూపించడం ఆఫర్. అదే కావాలని పరికరం అడగడం రిక్వెస్ట్. సరే తీసుకొమ్మని రౌటరు ఖాయం చేయడం ఎక్‌నాలెడ్జ్‌మెంట్. ఈ నాలుగు మాటలూ యూడీపీ అనే సందేశాలు పంపే పద్ధతిలో, సర్వరు (చిరునామాలు ఇచ్చే రౌటరు) వైపు 67, పరికరం వైపు 68 అనే పోర్టుల, అంటే అంకెల ద్వారాల, మీద నడుస్తాయి. మొదటి కేకలోనే పరికరం తన మ్యాక్ అడ్రస్, అంటే తయారీలోనే వచ్చిన గుర్తింపు, చెప్పుకుంటుంది. రౌటరు ఆ మ్యాక్‌ను తన రిజర్వేషన్ జాబితాలో వెతికి, ఉంటే అక్కడ రాసిన అంకెను, లేకపోతే వరుసలో ఖాళీగా ఉన్న ఇంకొకదాన్ని ఇస్తుంది. మనం చేసే పనంతా ఆ జాబితాలో ఒక వరుస చేర్చడమే.

ఇచ్చిన చిరునామాకు గడువు ఉంటుంది, దాన్ని లీజు అంటారు. మామూలుగా సగం గడువు గడవగానే పరికరం పొడిగింపు అడుగుతుంది. జవాబు రాకపోతే ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక, ఏ సర్వరైనా సరేనని మళ్లీ అందరినీ అడుగుతుంది. ఇరవై నాలుగు గంటల లీజు అయితే మొదటిది పన్నెండో గంటకు, రెండోది ఇరవై ఒకటో గంటకు జరుగుతాయి. పరికరం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటే ఇలా పొడిగించుకుంటూ నెలల తరబడి ఒకే అంకెతో ఉండిపోతుంది. పైగా కొన్ని రౌటర్లు మ్యాక్ అడ్రస్‌ను బట్టే అంకెను లెక్కకట్టి ఇస్తాయి కాబట్టి, మధ్యలో ఆపి వేసినా చాలాసార్లు అదే దొరుకుతుంది. "మాకు రిజర్వేషన్ ఏమీ లేదు, అయినా ఏడాదిగా బాగానే ఉంది" అనేవాళ్ల ధీమా ఇక్కడిదే. అది ఏర్పాటు కాదు, అదృష్టం.

ముందుగా మ్యాక్ అడ్రస్‌లు సేకరించుకోవాలి

మ్యాక్ అడ్రస్ అంటే పరికరంలోని నెట్‌వర్కు చిప్పుకు తయారీలోనే ఇచ్చిన నలభై ఎనిమిది బిట్ల గుర్తింపు. దాన్ని పన్నెండు అక్షరాలుగా, రెండేసి చొప్పున విడగొట్టి రాస్తారు. అందులో 0 నుంచి 9 వరకు అంకెలూ, ఏ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లీషు అక్షరాలూ మాత్రమే ఉంటాయి. మొదటి ఆరు తయారీదారును తెలుపుతాయి. కాగితం మీద రాసుకునేటప్పుడు సున్నాను ఓ అని, ఎనిమిదిని బీ అని పొరబడడం సర్వసాధారణం కాబట్టి, ఆ పన్నెండింటిలో ఓ అనే అక్షరానికి అసలు చోటే లేదని గుర్తుపెట్టుకుంటే సగం తప్పులు తప్పుతాయి.

ప్రింటరులో నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ పేజీ అని ఒకటి ఉంటుంది. సెట్టింగ్స్ మెనూలో నుంచి దాన్ని ముద్రించుకుంటే చిరునామా, మ్యాక్ రెండూ కాగితం మీదే వస్తాయి. డీవీఆర్‌లో మెయిన్ మెనూ, అందులో నెట్‌వర్క్ పేజీ చూడాలి. విండోస్ కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఐపీకాన్ఫిగ్ అని ఖాళీ లేకుండా కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ ఆల్ అని చేరిస్తే ఫిజికల్ అడ్రస్ అనే వరుసలో కనిపిస్తుంది. విండోస్ దాన్ని మధ్యలో చిన్న గీతలతో చూపిస్తే, రౌటర్లు ఎక్కువగా నిలువు చుక్కలు అడుగుతాయి; ఏ గుర్తు కావాలో పక్కనే ఉన్న నమూనా చూసి కొట్టండి.

వీటన్నింటికంటే తేలిక దారి రౌటరులోని క్లయింట్ల జాబితా. పరికరాన్ని ఆన్ చేసి, నెట్‌వర్కులోకి వచ్చాక ఆ జాబితా తెరిస్తే పేరు, మ్యాక్, ప్రస్తుత చిరునామా ఒకే వరుసలో ఉంటాయి. అక్కడి నుంచే నకలు చేసుకుంటే అచ్చుతప్పులకు తావుండదు. జాబితాలో ఏది ఏదో తెలియకపోతే, పరికరాన్ని ఒకసారి ఆపి, ఏ వరుస మాయమయిందో కొంతసేపయ్యాక చూడండి; కొన్ని రౌటర్లు లీజు తీరేదాకా పేరును తీసేయవు, అక్కడ ఈ ఉపాయం పనిచేయదు.

మూడు చోట్ల మనుషులు తప్పటడుగు వేయడం చూశాను. వైరుకు ఒక మ్యాక్, వైఫైకి ఇంకొక మ్యాక్ ఉంటుంది. ప్రింటరును వైఫైలో ఉంచి, దాని వెనక చీటీ మీద ఉన్న వైరు మ్యాక్‌ను నమోదు చేస్తే ఆ రిజర్వేషన్ ఎన్నటికీ పనిచేయదు. రెండోది ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల సంగతి. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఫోను ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క కల్పిత మ్యాక్ చూపించడం మామూలయింది. మ్యాక్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఈ అనే నాలుగింటిలో ఒకటైతే, అది చాలావరకు ఇలాంటి కల్పిత మ్యాకే. యజమాని ఫోనుకో, బిల్లింగ్ ట్యాబ్లెట్‌కో రిజర్వేషన్ కావాలంటే, మొదట ఆ ఫోనులో మన వైఫై వివరాలు తెరిచి, ప్రైవేట్ అడ్రస్ లేదా ర్యాండమైజ్డ్ మ్యాక్ అన్నదాన్ని ఆ ఒక్క నెట్‌వర్కుకు ఆపాలి. మూడోది సిగ్నల్‌ను దూరానికి అందించే వైఫై రిపీటర్లు. కొన్ని రిపీటర్లు తమ వెనక ఉన్న పరికరాలన్నింటి మ్యాక్‌నూ మార్చి చూపిస్తాయి. జాబితాలో రెండు పరికరాలకు ఒకే మ్యాక్ కనిపిస్తే అనుమానం రిపీటరు మీద పెట్టుకోవాలి. అలాంటి చోట ప్రింటరుకు వైరు లాగడమే మంచిది.

అంకెల పథకం

రౌటరు చిరునామా 192.168.1.1, మాస్క్ 255.255.255.0 అనుకుందాం. 192.168తో మొదలయ్యే ఈ చిరునామాలు, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి ప్రైవేటు వాడకానికి కేటాయించినవి. 1996లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1918లో ఆ కేటాయింపు ఉంది. మన మాస్క్ ప్రకారం చివరి అంకె 1 నుంచి 254 వరకు వాడుకోవచ్చు. లాడ్జిలో నేను పెట్టిన పథకం ఇలా ఉంటుంది: 1 రౌటరుకు, 2 నుంచి 9 వరకు యాక్సెస్ పాయింట్లకు, 11 రిసెప్షన్ కంప్యూటరుకు, 21 ప్రింటరుకు, 31 డీవీఆర్‌కు, 50 నుంచి 250 వరకు అడిగినవాళ్లందరికీ. మధ్యలో ఖాళీలు వదలడం కావాలని చేసిందే, రేపు రెండో ప్రింటరు వస్తే దానికి 22 సిద్ధంగా ఉంటుంది.

రిజర్వు చేసే అంకె రౌటరు పంచే వరుసకు లోపల ఉండాలా, బయట ఉండాలా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. ఇది రౌటరును బట్టి మారుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేరు వంటి, డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాముతో చిరునామాలు పంచే రౌటర్లు అదే సబ్‌నెట్‌లో (ఒకే నెట్‌వర్కు హద్దులో) ఉంటే వరుస బయటి అంకెనైనా ఒప్పుకుంటాయి. కొన్ని ఇంటి రౌటర్లు వరుస లోపలి అంకెనే ఇమ్మని పట్టుబట్టి, బయటిది రాస్తే సేవ్ నొక్కినప్పుడు ఎర్ర అక్షరాల్లో తిప్పికొడతాయి. ఒప్పుకునే చోట నేను బయటే పెడతాను. రిజర్వేషన్ల జాబితా ఎప్పుడైనా చెరిగిపోయినా, ఆ అంకె కనీసం పరాయి ఫోను చేతికి వెళ్లదు. ఒప్పుకోని చోట లోపల పెట్టినా నష్టం లేదు. రిజర్వు చేసినదాన్ని రౌటరు ఇంకొకరికి ఇవ్వదు. అయితే ఆ అంకె ఈ క్షణంలో ఎవరి దగ్గరైనా ఉంటే వాళ్ల లీజు తీరేదాకా చిక్కు వస్తుంది కాబట్టి, జాబితాలో కనపడని అంకెనే ఎంచుకోవాలి.

రౌటరులో నమోదు చేయడం

బ్రౌజరు చిరునామా పట్టీలో రౌటరు అంకె కొట్టి, అడ్మిన్ పాస్‌వర్డుతో లోపలికి వెళ్లాలి. అంకె తెలియకపోతే ఐపీకాన్ఫిగ్ ఫలితంలో డీఫాల్ట్ గేట్‌వే అనే వరుస చూడండి. వైఫై పాస్‌వర్డు వేరు, అడ్మిన్ పాస్‌వర్డు వేరు. రెండోది సాధారణంగా రౌటరు కింద చీటీ మీద ఉంటుంది, లేదా బిగించినవాళ్లు మార్చి ఉంటారు.

టీపీ లింక్ రౌటర్లలో అడ్వాన్స్‌డ్, నెట్‌వర్క్, డీహెచ్‌సీపీ సర్వర్ అనే దారిలో వెళితే అడ్రస్ రిజర్వేషన్ కనిపిస్తుంది; యాడ్ నొక్కి మ్యాక్, చిరునామా, గుర్తు కోసం ఒక పేరు రాసి సేవ్ చేయాలి. నెట్‌గేర్‌లో ల్యాన్ సెటప్ పేజీ అడుగున అదే పేరుతో ఉంటుంది. ఏసస్‌లో ల్యాన్ కింద డీహెచ్‌సీపీ సర్వర్ పేజీలో చేత్తో కేటాయించే పట్టిక ఉంటుంది, దాని పైన ఉన్న మాన్యువల్ అసైన్‌మెంట్‌కు ఎస్ పెడితే తప్ప పట్టిక అమల్లోకి రాదు. మైక్రోటిక్‌లో లీజుల జాబితాలో ఆ వరుసను ఎంచుకొని మేక్ స్టాటిక్ నొక్కి, తర్వాత చిరునామా మార్చుకోవచ్చు. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే పెట్టెల్లో ఈ పేజీ ల్యాన్ అనే విభాగంలోనే ఎక్కడో దాగి ఉంటుంది. కొన్నింటిలో మామూలు యూజరుగా వెళితే చూపించదు. అప్పుడు కనెక్షన్ ఇచ్చినవాళ్లనే అడగాలి, లేదా మన సొంత రౌటరును దాని వెనక పెట్టుకోవాలి.

సేవ్ చేసినంత మాత్రాన ప్రింటరు చిరునామా మారదు. దాని చేతిలో పాత లీజు ఇంకా చెల్లుతూనే ఉంది. ప్రింటరునో, డీవీఆర్‌నో ఆపి మళ్లీ వేయడం సులువైన మార్గం. విండోస్‌లో అయితే ఐపీకాన్ఫిగ్ తర్వాత ఖాళీ వదిలి స్లాష్ రిలీజ్ అనీ, ఆ తర్వాత స్లాష్ రెన్యూ అనీ రెండుసార్లు కొడితే సరిపోతుంది. అంతకుముందు ఎవరైనా ఆ పరికరంలో చేత్తో అంకె రాసి ఉంటే, దాన్ని తిరిగి ఆటోమేటిక్ లేదా డీహెచ్‌సీపీకి మార్చడం మరచిపోకూడదు, ఎందుకంటే అడగని పరికరానికి రౌటరు ఏమీ ఇవ్వలేదు.

ప్రింటరు కొత్త అంకె తీసుకున్నాక కంప్యూటరు వైపు ఇంకొక పని మిగిలి ఉంటుంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ పేజీ తెరిచి, స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఒకటి 192.168.1.21తో చేర్చి దానికి గుర్తు పెట్టాలి. విండోస్ తనంతట తాను పెట్టుకొనే డబ్ల్యూఎస్‌డీ అనే పోర్టు పరికరాన్ని నెట్‌వర్కులో తానే వెతుక్కుంటుంది. అది ఒక్కోసారి ఇబ్బంది లేకుండా పనిచేసినా, నాకు దాని మీద నమ్మకం తక్కువ.

ఇక పరీక్ష. పింగ్ కొట్టి, అంటే కంప్యూటరు నుంచి పరికరాన్ని పిలిచి, జవాబు రావడం ఒక్కటే చాలదు. మొత్తం మెయిన్ స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి, రౌటరును ముందు వేసి, ఫోన్లన్నీ కలుసుకున్నాక అన్నిటికంటే చివర ప్రింటరును వేయాలి. ఆ మధ్యాహ్నం జరిగినదాన్ని మనమే మళ్లీ జరిపించి చూడడం అన్నమాట. లాడ్జిలో ఇలా చేసినప్పుడు ప్రింటరు తెర మీద కాసేపు 0.0.0.0 కనిపించి, తర్వాత 192.168.1.21 వచ్చి నిలబడింది. రిసెప్షన్ అబ్బాయి ఒక టికెట్టు ప్రింటు ఇచ్చి, కాగితం బయటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

లీజు గడువు, యాత్రికుల రద్దీ

ఇంట్లో ఈ విషయం ఎవరికీ అవసరం రాదు, కానీ తిరుపతి లాడ్జిలో ఇది రిజర్వేషన్ కంటే ముందు చూడవలసినది. పద్దెనిమిది గదుల్లో గదికి ముగ్గురు చొప్పున యాభై నాలుగు ఫోన్లు అనుకోండి. తెల్లవారుజామున వాళ్లు గదులు ఖాళీ చేసి అలిపిరి వైపు వెళ్లిపోతే, మధ్యాహ్నానికి ఇంకొక యాభై నలుగురు వచ్చి దిగుతారు. రౌటరు లీజు ఇరవై నాలుగు గంటలు ఉండి, వరుస 100 నుంచి 199 వరకు మాత్రమే ఉంటే, వెళ్లిపోయినవాళ్ల అంకెలు ఇంకా వాళ్ల పేరు మీదే ఉంటాయి. నూట ఎనిమిది మందికి వంద అంకెలు చాలవు. చివర వచ్చినవాళ్ల ఫోను ఐపీ అడ్రస్ కోసం ఎదురుచూస్తూ తిరుగుతూనే ఉంటుంది, వాళ్లు రిసెప్షన్‌కు వచ్చి వైఫై పాస్‌వర్డు తప్పు చెప్పారని తగాదా పడతారు. బ్రహ్మోత్సవాల రోజుల్లోనూ, వైకుంఠ ఏకాదశికీ గదికి ఆరుగురు ఉంటారు కాబట్టి లెక్క ఇంకా పెరుగుతుంది.

అందుకే అక్కడ లీజును రెండు గంటలకు తగ్గించి, వరుసను 50 నుంచి 250 వరకు పెంచాను. రౌటరులో ఈ గడువు నిమిషాల్లో అడిగితే 120, సెకన్లలో అడిగితే 7200. లీజు తగ్గించడం వల్ల రిజర్వు చేసిన పరికరాలకు ఏ ఇబ్బందీ లేదు, ఎన్నిసార్లు అడిగినా వాటికి అదే అంకె వస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రిజర్వేషన్ వల్ల చిరునామా స్థిరపడుతుందే తప్ప, రక్షణ ఏమీ రాదు. అదే వైఫైలో ఉన్న యాత్రికుడి ఫోను నుంచి 192.168.1.31 కొడితే డీవీఆర్ లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. రౌటరులో గెస్ట్ నెట్‌వర్కు సదుపాయం ఉంటే దాన్ని వెలిగించి, లోపలి పరికరాలను చూడనివ్వకుండా ఆపి, యాత్రికులకు ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. డీవీఆర్‌కు మొదట వచ్చిన పాస్‌వర్డును ఆ రోజే మార్చాలి.

పనిచేయనప్పుడు

అన్నీ సరిగ్గా రాసినా పరికరం వేరే అంకె తెచ్చుకుంటూ ఉంటే, మొదట దాని గేట్‌వే చూడండి. అది మన రౌటరు కాక ఇంకొకటి చూపిస్తే నెట్‌వర్కులో రెండో డీహెచ్‌సీపీ సర్వరు ఉన్నట్టే. పై అంతస్తులో సిగ్నల్ కోసం పాత రౌటరును తెచ్చి పెట్టిన ప్రతి చోటా నాకు ఇది ఎదురవుతుంది. ఫైబర్ పెట్టె, పాత రౌటరు రెండూ చిరునామాలు పంచుతుంటాయి. ఎవరి జవాబు ముందు వస్తే పరికరం ఎక్కువగా వాళ్లదే తీసుకుంటుంది. పాత రౌటరును యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మార్చాలి. ఆ సదుపాయం లేకపోతే దాని డీహెచ్‌సీపీని ఆపి, చిరునామాను మన పథకంలోని 2కు మార్చి, వైరును ఇంటర్నెట్ వైపున్న వ్యాన్ పోర్టులో కాక, లోపలి నెట్‌వర్కు వైపున్న ల్యాన్ పోర్టులో గుచ్చాలి.

పరికరం 169.254తో మొదలయ్యే అంకె చూపిస్తే, దానికి ఏ రౌటరూ జవాబు చెప్పలేదని, అది తనకు తానే తాత్కాలికంగా ఒకటి పెట్టుకుందని అర్థం. అప్పుడు రిజర్వేషన్ జాబితాను తిప్పలు పెట్టకుండా వైరు, స్విచ్, వైఫై పాస్‌వర్డు చూడాలి.

కెమెరాలను బయటి నుంచి చూడడానికి, బయటి పిలుపును లోపలి పరికరానికి పంపే పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టేవాళ్లకు కూడా రిజర్వేషన్ తప్పనిసరి, ఎందుకంటే ఫార్వర్డింగ్ నియమంలో రాసిన లోపలి చిరునామా మారితే దారి మూసుకుపోతుంది. అయితే దానికి ముందు రౌటరు స్టేటస్ పేజీలో వ్యాన్ చిరునామా చూసుకోండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే, కనెక్షన్ ఇచ్చే సంస్థ చాలామంది వినియోగదారులను ఒకే బయటి చిరునామా వెనక పెట్టిందని అర్థం. మన వైపు ఎంత చక్కగా అమర్చినా బయటి నుంచి పిలుపు లోపలికి రాదు. డీవీఆర్ కంపెనీ క్లౌడ్ యాప్ ద్వారా చూసేవాళ్లకు ఫార్వర్డింగ్ అవసరమే లేదు. నా అభిప్రాయంలో డీవీఆర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టడం కంటే అదే నయం.

నోటుబుక్కు

రౌటరులో బ్యాకప్ అనే సదుపాయం ఉంటే సెట్టింగుల ఫైలును ఒక పెన్‌డ్రైవులో దాచుకోవచ్చు. కానీ ఆ ఫైలు అదే మోడలు రౌటరుకే పనికివస్తుంది. అందుకని లాడ్జిలో గదుల రిజిస్టరు చివరి అట్ట లోపలి వైపున ఒక పట్టిక గీయించాను: పరికరం పేరు, మ్యాక్, చివరి అంకె, నమోదు చేసిన తేదీ. ప్రింటరు మూత మీద 21 అని, డీవీఆర్ మీద 31 అని చీటీలు అంటించాము.

తర్వాత కనెక్షన్ మార్చినప్పుడు కొత్త సంస్థవాళ్లు తెచ్చిన పెట్టె 192.168.29.1తో వచ్చింది, దాన్ని మార్చడానికి వాళ్లు ఒప్పుకోలేదు. మూడో భాగం మారింది కానీ చివరి అంకెలు మార్చవలసిన పని పడలేదు. అట్ట మీది పట్టిక చూస్తూ ప్రింటరును 192.168.29.21గా, డీవీఆర్‌ను 192.168.29.31గా రాశాను, రెండింటినీ ఆపి వేశాను, కంప్యూటరులో ప్రింటరు పోర్టు ఒక్కటి మార్చాను. డీవీఆర్ తీగలు ముట్టుకోలేదు, మెట్ల కిందికి వంగి దూరే పని కూడా లేకపోయింది, దాని స్విచ్ రిసెప్షన్ బల్ల పక్కనే ఉంది.